పాత లాయరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న సమ్మతి) ఇవ్వనంటే వకాలతు (లాయరుకు ఇచ్చే అధికారపత్రం) మార్చుకోవడం ఎలా? కేసు కాగితాల కట్ట ఆపుకునే హక్కు ఆయనకు ఉందా?

తూర్పుగట్టు:

నమస్కారమండి. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో మా నాన్నగారు వేసిన భాగపంపకాల దావా నడుస్తోంది. మా సాక్ష్యం అయిపోయింది, ప్రతివాదుల సాక్ష్యానికి వాయిదా పడింది. లాయరుగారిని మార్చాలని ఇంట్లో అనుకున్నాం. ఆయన ఇంకా 40,000 బాకీ ఉందంటున్నారు. మాట్లాడుకున్న ఫీజు మొత్తం ఇచ్చేశామని మా లెక్క, కాకపోతే రసీదులు సగానికే ఉన్నాయి. డబ్బు కట్టేదాకా ఎన్‌ఓసీ ఇవ్వను, కట్ట కూడా ఇవ్వనని ఆయన మాట. కోర్టులో వేయని అసలు కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి: తాతగారి పేరున ఉన్న అమ్మకం దస్తావేజు, పాత పట్టాదారు పాసు పుస్తకం. కొత్త లాయరుగారేమో ఎన్‌ఓసీ లేకుండా వకాలతు వేయనంటున్నారు. బార్ కౌన్సిల్‌కు వెళ్లమని ఒకరు, కన్స్యూమర్ ఫోరంలో వేయమని ఇంకొకరు చెప్తున్నారు. ముందు ఏం చేయాలి?

సివిల్‌సైడ్:

ఇందులో మూడు విషయాలు కలిసిపోయాయి: ఫీజు, కట్ట, ఎన్‌ఓసీ. మూడింటికీ దారులు వేరు. కలిపి మాట్లాడుకున్నంత కాలం ఏదీ తేలదు.

కట్ట సంగతి ముందు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకు లేదు. 2000లో ఆర్.డి. సక్సేనా వర్సెస్ బలరాం ప్రసాద్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇది స్పష్టంగా తేల్చింది. అక్కడ భోపాల్‌లోని రాష్ట్ర సహకార బ్యాంకుకు లీగల్ అడ్వైజరుగా ఉన్న లాయరు, తనకు 97,100 రూపాయలు రావాలని చెప్పి కేసు కట్టలు తిరిగి ఇవ్వలేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 171 ప్రకారం తాకట్టులా అట్టిపెట్టుకోవచ్చని ఆయన వాదన. ఆ సెక్షన్ సరుకులకు వర్తిస్తుంది, కేసు కాగితాలు సరుకులు కావు అని కోర్టు తోసిపుచ్చింది. అడిగినా కట్ట ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికే వస్తుందని చెప్పింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆయన్ని 18 నెలలు ప్రాక్టీసు చేయకుండా నిలిపేస్తే, అప్పటిదాకా దీనిపై స్పష్టత లేదన్న కారణంతో దాన్ని మందలింపుకు తగ్గించారు. 25 ఏళ్లు దాటాక ఆ కారణం ఇప్పుడెవరికీ పనికిరాదు.

ఎన్‌ఓసీ విషయానికొస్తే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 39వ నియమం చూడండి. వకాలతు ఉన్న కేసులో ఇంకో లాయరు ప్రవేశించాలంటే మొదటివారి సమ్మతి కావాలి. సమ్మతి తేలేకపోతే, ఎందుకు తేలేకపోయారో కోర్టుకు చెప్పి అనుమతి తీసుకుని ప్రవేశించవచ్చు. చాలామంది ఈ రెండో భాగం చెప్పకుండా మొదటి భాగమే చెప్తారు. ఎన్‌ఓసీ అనేది లాయర్లు ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద, అంతే. క్లయింటును కట్టిపడేసే అధికారం అది ఎవరికీ ఇవ్వదు.

ఇక పని క్రమం. ముందుగా నాన్నగారి సంతకంతో పాత లాయరుగారికి ఒక ఉత్తరం రాయండి. దావా నంబరు, కోర్టు పేరు, తరువాతి వాయిదా తేదీ, వకాలతు ఉపసంహరించుకుంటున్నామన్న మాట, ఏడు రోజుల్లో కాగితాలు ఇవ్వమన్న కోరిక ఉంటే చాలు. కాగితాల జాబితా విడివిడిగా రాయండి: "రిజిస్టర్డ్ అమ్మకం దస్తావేజు, నంబరు, సంవత్సరం, అసలు, ఇన్ని పేజీలు" అన్నట్టుగా. "మా కాగితాలన్నీ" అని రాస్తే రేపు ఏది ఇచ్చారో ఏది ఇవ్వలేదో తేల్చలేరు. స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి కానీ దానితోనే సరిపెట్టకండి.

సమ్మతి వస్తే పెద్ద పని లేదు. కొత్త వకాలతు మీదే పాత లాయరుగారు "నో అబ్జెక్షన్" అని రాసి, తేదీ వేసి సంతకం పెడతారు. రాకపోతే సీపీసీ (సివిల్ కేసుల విధానాన్ని చెప్పే చట్టం) ఆర్డర్ 3 రూల్ 4(2), సెక్షన్ 151 కింద ఐ.ఏ. (నడుస్తున్న దావాలో వేసే మధ్యంతర పిటిషన్) వేయాలి. నాన్నగారి అఫిడవిట్, ఉత్తరం కాపీ, డెలివరీ రుజువు, కొత్త వకాలతు జతచేయండి. పిటిషన్ లేకుండా ఉత్త వకాలతు పడేస్తే ఆఫీసు అబ్జెక్షన్ వేసి రిటర్న్ చేస్తుంది. ఈలోగా వాయిదా వచ్చేస్తుంది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. కోర్టు అనుమతి ఇచ్చేదాకా రికార్డులో పాత వకాలతే నడుస్తుంది. ఆయన రాక, కొత్తాయనకు అనుమతి రాక, మీరూ వెళ్లకపోతే దావా డిఫాల్టులో (ఎవరూ హాజరు కాలేదని) కొట్టేసే వీలుంది. దాన్ని మళ్లీ తెరిపించడానికి ఆర్డర్ 9 రూల్ 9 కింద 30 రోజులే గడువు. ఈ గొడవ తెగేదాకా ప్రతి వాయిదాకీ నాన్నగారు, లేదా జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఉన్న మనిషి ఉంటే ఆ మనిషి, స్వయంగా హాజరు కావాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు) కొడితే వాయిదా తేదీ తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

రెండోవైపు:

పై సమాధానంలో చట్టం సరిగ్గానే ఉంది. లాయర్ల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. దావా వేసి, వాదుల సాక్ష్యం పూర్తి చేశాక, అవతలివాళ్ల సాక్షులను క్రాస్ చేసే (ఎదురు ప్రశ్నలు అడిగే) దశలో లాయరును మారుస్తున్నారు. పనిలో ఎక్కువ భాగం అయిపోయింది. న్యాయంగా బాకీ ఉంటే ఇవ్వాల్సిందే. లాయరుకు కట్ట మీద హక్కు లేకపోయినంత మాత్రాన ఫీజు మీద హక్కు పోదు, సివిల్ దావా వేసి వసూలు చేసుకోవచ్చు.

కాబట్టి లెక్క అడగండి. క్లయింటు ఇచ్చిన డబ్బులో ఫీజు కింద ఎంత, ఖర్చుల కింద ఎంత అన్నది లాయరు విడివిడిగా రాసిపెట్టాలన్నది నియమం. అడిగితే ఆ లెక్క కాపీ ఇవ్వాలి. కోర్టు ఫీజుకు, కమిషనర్ ఫీజుకు ఇచ్చిన మొత్తాలను క్లయింటు ఫీజులో కలిపి, లాయరు విడిగా లెక్కపెట్టడం వల్లనే సగం తగాదాలు వస్తాయి. మీ రసీదులు లేనివాటికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే చెల్లింపులు తేదీలవారీగా తీయండి. నికరంగా తేలినంత వెంటనే ఇచ్చేయండి. మిగతాది వివాదంలో ఉందని రాసి పెట్టండి. చాలా బార్ అసోసియేషన్లలో అధ్యక్షుడో సీనియర్లో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, అదీ ప్రయత్నించండి.

కొత్త లాయరుగారు కూడా "ఎన్‌ఓసీ తెచ్చుకోండి" అని మిమ్మల్ని పంపి ఊరుకోకూడదు. ఆయనే సీనియరుకు ఫోన్ చేసి "సార్, ఈ క్లయింటు నా దగ్గరికి వచ్చారు, మీకేమైనా రావాల్సి ఉందా?" అని అడగడం వృత్తిలో పద్ధతి. పదిలో ఎక్కువ కేసులు ఆ ఒక్క ఫోనుతోనే తేలతాయి.

డాకెట్‌షీట్:

కోర్టు వైపు నుంచి ఇది ఎలా కనపడుతుందో చెప్తాను.

సాక్ష్యం మధ్యలో వకాలతు మార్పు పిటిషన్ వస్తే న్యాయమూర్తికి మొదట వచ్చే అనుమానం, ఇది వాయిదా కోసమా అని. వాదులకు జాప్యంతో లాభం లేకపోయినా ఆ అనుమానం పోదు. అందుకే అఫిడవిట్‌లోనే రాయండి: కొత్త లాయరు తదుపరి వాయిదాకే క్రాస్‌కు సిద్ధంగా ఉంటారు, దీని పేరుతో సమయం అడగం అని. ఆ ఒక్క వాక్యం పిటిషన్‌ను తేలిక చేస్తుంది. కానీ రాశాక నిజంగా సిద్ధంగా ఉండాలి.

ఫీజు ఎంత బాకీ అన్నది ఈ ఐ.ఏ.లో కోర్టు తేల్చదు, తేల్చకూడదు కూడా. పాత లాయరుకు నోటీసు ఇచ్చి, ఆయన మాట విని, అనుమతి ఇవ్వాలా వద్దా అన్నదే చూస్తుంది.

అఫిడవిట్‌లో భాష చాలా ముఖ్యం. "పాత లాయరు అవతలివాళ్లతో కుమ్మక్కయ్యాడు", "డబ్బు తిని కేసు పాడుచేశాడు" అని రాసే అలవాటు ఎక్కువైంది. ఆధారం లేకుండా అలా రాస్తే పరువునష్టం తగాదా నెత్తిన పడుతుంది, ఆ వాక్యాలను కోర్టు కొట్టేయించవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మీ సాక్ష్యమంతా నడిపించింది ఆయనే. ఆయన మోసం చేశాడని మీరే ప్రమాణం చేసి చెబితే, ఆ సాక్ష్యం విలువను మీరే తగ్గించుకున్నట్టు అవతలి లాయరు వాదిస్తారు. "సమ్మతి కోరాం, ఫలానా తేదీన ఉత్తరం అందింది, సమ్మతి ఇవ్వలేదు" అంటే చాలు.

ఇంకొకటి, దయచేసి ఎవరి మాటా విని న్యాయమూర్తికి ఛాంబర్‌లో చెప్పించాలని చూడకండి, ఉత్తరమూ రాయకండి. నడుస్తున్న కేసు గురించి న్యాయమూర్తితో విడిగా మాట్లాడటం లాయర్లకే నిషేధం. కక్షిదారు పంపినా దాన్ని రికార్డులో పెట్టి రెండు వైపులకూ చూపించాల్సిన పరిస్థితి వస్తుంది.

కట్ట రాకపోయినా కేసు ఆగదు. దావా ప్రతి, జవాబుదావా, వాంగ్మూలాలు, డాకెట్ ఆర్డర్లకు (ప్రతి వాయిదాలో కోర్టు రాసే ఉత్తర్వులు) కాపీ అప్లికేషన్ పెట్టండి. దావాలో పార్టీ కాబట్టి నాన్నగారి పేరున నేరుగా పెట్టొచ్చు. పెట్టి వదిలేయకండి; ఏ అప్లికేషన్‌కు కాపీ స్టాంపులు దాఖలు చేయాలో ఆ జాబితా నోటీసు బోర్డు మీద వేస్తారు, గడువులోగా స్టాంపులు దాఖలు చేయకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. సాక్ష్యంగా ఎ-1, ఎ-2 అని మార్క్ అయిన కాగితాలు కోర్టు కస్టడీలో ఉంటాయి, వాటి గురించి బెంగ వద్దు. మార్క్ కాని ఆ అమ్మకం దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ వస్తుంది. అందులోని విషయాలు రుజువు చేయడానికి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం ఆ కాపీ చెల్లుతుంది. అయితే మీ సాక్ష్యం ముగిసింది కాబట్టి, ఆ దస్తావేజు దావాకు అవసరమైతే సాక్ష్యం తిరిగి తెరవమని వేరే పిటిషన్ వేయాలి. కొత్త లాయరుగారు మొదట చూడాల్సింది ఇదే.

తూర్పుగట్టు:

చాలా కృతజ్ఞతలండి. రెండు సందేహాలు. ఉత్తరంతో పాటే బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు వేస్తే ఆయన దిగొస్తారని మా బావగారు అంటున్నారు, చేయొచ్చా? ఆయన రేపు అవతలివాళ్ల తరఫున వస్తే ఎలా?

సెక్షన్35:

బెదిరింపు కోసం అయితే వేయకండి. క్రమశిక్షణ విచారణను ఫిర్యాదుదారు ఉపసంహరించుకున్నాడనో, రాజీ పడ్డాడనో ఆ కారణంతోనే మూసేయకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కట్ట ఇచ్చేస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్న బేరం మీ చేతిలో ఉండదు. పైగా "డబ్బు ఎగ్గొట్టడానికి ఫిర్యాదు వేశారు" అన్న జవాబు ఆయన చేతికి మీరే ఇచ్చినట్టు.

ఏడు రోజులు గడిచి, రెండో ఉత్తరానికీ కాగితాలు రాకపోతే అప్పుడు వేయండి. అది గట్టి ఫిర్యాదు అవుతుంది, ఎందుకంటే అడిగారు, అందింది, ఇవ్వలేదు అన్నవి మూడూ కాగితం మీద ఉంటాయి. అడ్వకేట్స్ చట్టం, 1961, సెక్షన్ 35 కింద ఆయన ఏ రాష్ట్రం రోల్‌లో (లాయర్ల నమోదు జాబితాలో) ఉన్నారో ఆ బార్ కౌన్సిల్‌కే వెళ్లాలి. వకాలతు మీది ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఆయన ఏ రాష్ట్రం రోల్‌లో ఉన్నారో కనుక్కోండి; కోర్టు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. తెలుగులో రాయొచ్చు. సీపీసీలో ప్లీడింగ్‌కు (దావా, జవాబుదావా లాంటివాటికి) చేసినట్టే సంతకం, ధ్రువీకరణ ఉండాలి, నిర్ణీత ఫీజు కట్టాలి. కౌన్సిల్‌కు ప్రథమదృష్ట్యా విషయం ఉందనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ఏడాదిలో తేల్చకపోతే సెక్షన్ 36బి ప్రకారం ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. శిక్షలు మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు. ఆ తీర్పు మీకు నచ్చకపోతే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 60 రోజుల్లో అప్పీలు. రుజువు భారం మీదే, అదీ క్రిమినల్ కేసుకు దగ్గరగా ఉండే స్థాయిలో. ఫీజు ఎక్కువ అడిగారు, సరిగ్గా వాదించలేదు అన్నవి అందులో కలిపితే అసలు విషయం పలచబడుతుంది. కట్ట ఒక్కదాని మీదే నిలబడండి.

కన్స్యూమర్ ఫోరం దారి మూసుకుపోయింది. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అవతలివైపు వెళ్లే భయం అక్కర్లేదు. ఒక పార్టీకి ప్లీడింగ్స్ రాసిన, సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పార్టీకి పనిచేయకూడదని 33వ నియమం. మీరు ఆయనకు చెప్పిన రహస్యాలు వకాలతు ముగిశాక కూడా రహస్యాలే, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 ఆ రక్షణ ఇస్తుంది. ఇదే మర్యాద మీ వైపూ ఉండాలి: పాత వకాలతు రద్దు కాకముందే కొత్త లాయరుగారు మీ పేరున అవతలి లాయరుతో రాజీ మాటలు మొదలుపెట్టకూడదు.

సివిల్‌సైడ్:

ఒకటి చేరుస్తాను. కాగితాలు ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్న రోజు నాన్నగారినే పంపండి, జాబితా రెండు కాపీలు తీసుకెళ్లమనండి. అక్కడే ఒక్కో కాగితం పేజీలు లెక్కపెట్టి టిక్ పెట్టుకుని, అందినవాటికి మాత్రమే సంతకం చేయాలి. "కట్ట మొత్తం ముట్టింది, ఫీజు విషయంలో అభ్యంతరం లేదు" అని రాసి ఉన్న రసీదు ముందు పెడితే, రెండో ముక్క కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టి ఇవ్వమనండి. పాసు పుస్తకం లోపలి పేజీలన్నీ ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూడమనండి.