పాదం పైకి లేవట్లేదు: నరాల కరెంటు పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న (గాజువాక):
నాన్నగారికి ఎమ్మారైలో నడుములోని ఎల్4-ఎల్5 డిస్కు నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఎడమ పాదం వాలిపోయి వారమైంది. ఎన్‌సీఎస్ (నరానికి కరెంటిచ్చి చూసేది), ఈఎంజీ (కండరంలో సూది పెట్టి చూసేది) రాశారు. రేపే చేయించొచ్చా?

జవాబు 1:
చేయించొచ్చు గానీ సగమే తేలుతుందండి. నరం దెబ్బతిన్నాక కాలి కండరాల్లో ఫిబ్రిలేషన్లు (నరం సంబంధం తెగిన కండరంలో వాటంతటవే పుట్టే చిన్న విద్యుత్ సంకేతాలు, ఈఎంజీలో తెలుస్తాయి) కనబడటానికి 2-3 వారాలు పడుతుంది. వెన్ను పక్క కండరాల్లో కాస్త ముందే వస్తాయి. అయితే బలహీనత పెరుగుతున్నా, మూత్రం ఆగినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా పరీక్ష కోసం ఆగకండి. వెంటనే కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

జవాబు 2:
ఎన్‌సీఎస్ నార్మల్ వస్తే నరం బాగుందనుకోవద్దు. డిస్కు నొక్కేది స్పర్శ నరకణాల ముడికి పైన, అంటే వెన్నుపాము వైపు; ముడి నుంచి కాల్లోకి దిగే నరం చెడదు కాబట్టి, పాదం మొద్దుబారినా స్పర్శ రీడింగు సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అసలు తేల్చేది సూది పరీక్షే (ఈఎంజీ). టిబియాలిస్ పోస్టీరియర్‌లో (పిక్క లోపలి కండరం, పెరోనియల్ నరం దీనికి వెళ్లదు) తప్పక సూది పెట్టించండి. అందులోనూ తేడా ఉంటే వెన్ను దగ్గర ఎల్5 నరం వేరు (మొదలు) నొక్కుకుపోయిందన్న అనుమానం బలపడుతుంది. అది బాగుండి, పాదాన్ని పైకి లేపే కాలి ముందువైపు కండరమే దెబ్బతింటే, మోకాలి పక్క పెరోనియల్ నరం నొక్కుకుపోయిందేమో చూడాలి.

జవాబు 3:
ఆ రోజు కాళ్లకు నూనె, క్రీము వద్దు. వైజాగ్ ఉక్కకు చెమట పడుతుంది, తుడిచాకే ఎలక్ట్రోడ్లు అంటించాలి. ఏసీలో కాలు చల్లబడితే నరంలో సంకేతం వెళ్లే వేగం తగ్గి, జబ్బు ఉన్నట్టు తప్పుగా కనబడొచ్చు. చర్మం 30 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చబెట్టమనండి. రక్తం పలచబడే మందులు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి, మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.