అప్‌డేట్: సోలార్ ఉన్నా బిల్లు ఎందుకు తగ్గలేదో తెలిసింది

3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు సంస్థ లైనుకి, అంటే గ్రిడ్‌కి కలిపిన) సోలార్ పెట్టించినా బిల్లు అనుకున్నంత తగ్గలేదు, ఇన్వర్టర్ యాప్‌లో ఉత్పత్తి తప్ప వాడకం కనిపించదు, ఏ లోడ్ (కరెంటు వాడే పరికరం) ఎంత తింటోందో రికార్డు చేయడం ఎలా అని పోయిన నెల అడిగింది నేనే.

మీరు చెప్పినట్టే కరెంటు వాడకం కొలిచే పీజెడ్‌ఈఎమ్-004టీ మీటరు, ఆ రీడింగులు వైఫైలో పంపే ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు తెచ్చి, వాటిని గ్రాఫ్‌గా చూపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కి కలిపాను. సీటీ కాయిల్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే రింగు) మాత్రం ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాను, డీబీలో (ఇంటి మెయిన్ స్విచ్‌ల బాక్సు) సొంతంగా చేయి పెట్టొద్దు దయచేసి. మొదట లెక్కలు అస్సలు కుదరలేదు, మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా 1,800 వాట్లు చూపిస్తుంటే టెన్షన్ వచ్చేసింది. తప్పు నాదే, కాయిల్‌ని గ్రిడ్ నుంచి వచ్చే మెయిన్ వైరుకి పెట్టించాను. ఈ మీటరు కరెంటు ఏ దిక్కుకి పోతోందో చూపించదు కాబట్టి మనం గ్రిడ్‌కి పంపేది కూడా వాడకంలా కనిపిస్తుంది. సోలార్ లైను కలిసే చోటు దాటాక, లోడ్లకి వెళ్లే వైరుకి మార్పిస్తే సరిపోయింది.

ఇక అసలు విషయం. రాత్రి ఫ్యాన్లు, ఫ్రిజ్ కాసేపు ఆపినా గ్రాఫ్ 120 వాట్ల కిందికి దిగలేదు. ఎంసీబీలు (డీబీలో ఒక్కో లైనుకి ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటే ఆపుతూ పోతే పాత బ్యాకప్ ఇన్వర్టర్ దొరికింది! ఆరేళ్ల బ్యాటరీలో ఒక సెల్ పోయి ఛార్జింగ్ ఎప్పటికీ పూర్తవక రోజంతా 110 వాట్లు లాగుతోంది, అంటే రోజుకి 2.6 యూనిట్లు, నెలకి దాదాపు 80. బ్యాటరీ మార్చాక అది 15 వాట్లకి దిగింది. కొత్త బిల్లు ఇంకా రాలేదు. రాత్రి గ్రాఫ్ చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్.