‘గిమ్మీ షెల్టర్’లో ఆ హత్యను ఆపి ఆపి చూపడం సబబేనా?

నాదలహరి:
బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ 1969 అమెరికా పర్యటనను వెంట ఉండి చిత్రించిన మేజిల్స్ సోదరులు, షార్లెట్ జ్వెరిన్‌తో కలిసి తీర్చిదిద్దిన ఈ డాక్యుమెంటరీ 1970లో విడుదలైంది. డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ రేసు మైదానంలో జరిగిన కచేరీలో, పద్దెనిమిదేళ్ళ మెరెడిత్ హంటర్‌ను హెల్స్ ఏంజెల్స్ అనే మోటారుసైకిల్ ముఠా సభ్యుడు పొడిచి చంపాడు. కెమెరాకు చిక్కిన ఆ ముక్కను ఎడిటింగ్ బల్ల మీద వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపి, ఆపి మరీ చూపారు. ఒక మనిషి చావును సినిమాకు పతాక సన్నివేశంగా వాడుకోవడం తప్పని నా అభిప్రాయం.

రీలుమనిషి:
అది సాక్ష్యమండీ. మామూలు వేగంలో చూస్తే తోసుకుంటున్న జనం తప్ప మరేమీ తెలియదు. బొమ్మను ఆపినప్పుడే, పక్కనున్న అమ్మాయి లేత రంగు అల్లిక గౌను మీద హంటర్ చేతిలోని తుపాకి నల్లగా కనబడుతుంది. 1971లో జ్యూరీ ఆ ఫుటేజీని చూసింది, ఆత్మరక్షణ వాదనను అంగీకరించి నిందితుణ్ణి నిర్దోషిగా వదిలింది.

గీతిక:
జ్యూరీకి చూపడమూ టికెట్టు కొన్నవారికి చూపడమూ ఒకటేనా?

రీలుమనిషి:
బొమ్మను ఆపకపోతే ఆ తుపాకి ఎవరికి కనబడేదో ముందు చెప్పండి.

నాదలహరి:
తుపాకి సంగతి నేను ఎత్తనే లేదు. ఒక కచేరీలో తొక్కిసలాట జరిగి నేను కింద పడిపోతే, ఏడుస్తున్న నా ముఖాన్ని ఎవరో చిత్రించి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా తమ వీడియోలో పెట్టుకున్నారు. తీసెయ్యమని ఎంత బతిమాలినా వినలేదు. అందుకే స్ట్రెచర్ పక్కన ఆ అమ్మాయి ఏడుస్తున్న దృశ్యాన్ని నేను చూడలేను.

రీలుమనిషి:
మీకు జరిగింది అన్యాయమే, కానీ దాన్ని తెచ్చి ఈ సినిమాకు అంటగడితే నేను ఒప్పుకోను! అందరి అనుమతీ తీసుకోవాలంటే చివరికి చెల్లేది బ్యాండు మాటే. 1972 పర్యటన మీద రాబర్ట్ ఫ్రాంక్ తీసిన చిత్రం తమకు నచ్చక, ఇదే రోలింగ్ స్టోన్స్ బ్యాండు కోర్టుకు వెళ్ళి దాని ప్రదర్శనలకు కళ్ళెం వేయించింది. మీరు కోరేది అదేనా?

శ్రోత:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నాదలహరి:
నేను చెప్పదలచుకున్నది సరిగ్గా అదే. బ్యాండుకు లాయర్లున్నారు. ఈ సినిమాలోనూ బ్యాండు గాయకుడు మిక్ జాగర్‌ను కూర్చోబెట్టి, ఆ ముక్క చూపించి, అతని ముఖంలో కదలికల కోసం కెమెరా కాచుకుంది. హంటర్ తల్లిని అలా కూర్చోబెట్టి అడిగినవారు సినిమాలో ఎక్కడా కనబడరు. పర్యటనను చిత్రించడానికి వెళ్ళినవారికి ఆ మైదానంలో కథానాయకుడు మారిపోయాడు, అయినా కెమెరా మాత్రం గాయకుడి దగ్గరే ఉండిపోయింది.

రీలుమనిషి:
హంటర్ ఇంటివారి మాట లేకపోవడం లోపమేనంటే ఒప్పుకుంటాను. కానీ ఆ ముక్కను తీసేస్తే మిగిలేది బ్యాండు ప్రచార చిత్రం. జనాన్ని అదుపు చేసే పని ఆ ముఠాకు అప్పగించిన నిర్ణయం ఎంత దూరం వెళ్ళిందో తెరమీద కనబడాల్సిందే, జాగర్ దాన్ని చూడాల్సిందే.