కెర్ 558 గెలుపుల్లో ఆ 39 ఎవరివి?

ఫ్రీమాంట్_రావు | శనివారం, ఉదయం 9:12
2025 మార్చిలో స్టీవ్ కెర్ 558వ మ్యాచ్ గెలిచి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువ గెలుపులున్న హెడ్ కోచ్ అయ్యాడు. ఇది రెగ్యులర్ సీజన్ లెక్క, ప్లేఆఫ్స్ కలపలేదు. అప్పటిదాకా ఆ రికార్డు ఆల్ ఆటిల్స్‌ది, 557. 1983లో కోచింగ్ మానేసిన మనిషి రికార్డు నలభై ఏళ్ళకు పైగా నిలిచింది. ఆటిల్స్ 2024 ఆగస్టులో 87 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఏడు నెలలు తిరక్కుండానే రికార్డూ పోయింది.

నాకు కెర్ మీద కోపం లేదు. కానీ ఆ 558లో 39 కెర్ గెలిచినవి కావు. 2015-16 సీజన్ మొదలయ్యేసరికి వెన్ను ఆపరేషన్ తర్వాతి సమస్యలతో ఆయన సెలవులో ఉన్నాడు. మొదటి 43 మ్యాచ్‌లకు జట్టును నడిపింది అసిస్టెంట్ కోచ్ ల్యూక్ వాల్టన్. వరసగా 24 గెలిచారు, మొత్తం 39 గెలిచి 4 ఓడారు. లీగ్ వాటన్నిటినీ కెర్ ఖాతాలో వేసింది, వాల్టన్‌కు సున్నా. సరిగ్గా లెక్క వేస్తే మార్చిలో కెర్‌కు ఉన్నవి 519. రికార్డు అప్పటికి ఇంకా ఆటిల్స్‌దే.

బెజవాడ_కిరణ్ | ఉదయం 9:40
రావు గారూ, రూల్ అదే కదా. హెడ్ కోచ్ పదవిలో ఉండి తాత్కాలికంగా రాలేకపోతే ఫలితం ఆయన పేరు మీదే రాస్తారు. గెలుపులే కాదు, ఆ 4 ఓటములు కూడా కెర్ ఖాతాలోనే ఉన్నాయి. ఆ సీజన్‌లో 73 గెలిచి 9 ఓడిన జట్టు ఎవరి పద్ధతిలో ఆడింది? 2014లో కెర్ వచ్చేనాటికి మ్యాచ్‌కు ఇచ్చుకునే పాస్‌ల లెక్కలో వారియర్స్ లీగ్‌లో ఆఖరు. బంతి ఒకరి చేతిలో ఆగిపోకుండా తిప్పడం నేర్పింది ఆయన. ఇగుడాలా లాంటి పేరున్న ఆటగాణ్ణి ఒప్పించి బెంచ్ మీద కూర్చోబెట్టి, హారిసన్ బార్న్స్‌ను మొదటి ఐదుగురిలో దించింది ఆయన. మొదటి సీజన్‌లోనే 67 గెలుపులు, టైటిల్. వాల్టన్ నడిపింది ఆ బండినే.

గుంటూరు_గణేష్ | ఉదయం 9:58
ఆ బండిని కట్టింది కెర్‌కు ముందు కోచ్ మార్క్ జాక్సన్. ఆయన మూడు సీజన్ల గెలుపులు చూడండి: 23, 47, 51. కర్రీ, క్లే, డ్రేమండ్, ముగ్గురు ముఖ్యమైన ఆటగాళ్ళూ అప్పటికే ఉన్నారు. డిఫెన్స్ నేర్పింది ఆయనే. ఆయన పేరు ఒక్కరూ ఎత్తరు.

బెజవాడ_కిరణ్ | ఉదయం 10:05
గణేష్ గారూ, దానికి వేరే థ్రెడ్ మొదలుపెట్టండి. ఇక్కడ మాట్లాడేది 39 గురించి.

ఫ్రీమాంట్_రావు | ఉదయం 10:31
రూల్ అంటున్నావు కాబట్టి అడుగుతున్నా కిరణ్. 1979-80లో చివరి 21 మ్యాచ్‌లు ఆటిల్స్ బదులు జానీ బాక్ నడిపించాడు. అందులో 6 గెలిచారు. ఆ ఆరూ బాక్ పేరు మీదే ఉన్నాయి. తర్వాతి సీజన్‌లో ఆటిల్స్ మళ్ళీ వచ్చి ఇంకో మూడేళ్ళు చేశాడు. కెర్‌కు పెట్టిన లెక్క ఆటిల్స్‌కూ పెడితే ఆయనవి 563. ఒక కోచ్‌కు ఒక లెక్క, ఇంకో కోచ్‌కు ఇంకోటా?

బెజవాడ_కిరణ్ | ఉదయం 10:44
ఆ 21లో ఓడిన 15 కూడా బాక్ నెత్తినే వేశారుగా. ఆటిల్స్‌కు నష్టం ఎక్కడ జరిగింది?

సుజాత_శాన్‌హోసే | ఉదయం 10:50
2024-25 అయ్యేసరికి కెర్‌వి 567. 39 తీసేసినా 528. ఇంకో 30 గెలిస్తే ఎలాగూ దాటేస్తాడు. దీనికి ఇంత గొడవ ఎందుకండీ?

ఫ్రీమాంట్_రావు | ఉదయం 11:02
దాటితే అప్పుడు నేనే చప్పట్లు కొడతాను సుజాత గారూ. దాటకముందే దాటాడనడం తప్పంటున్నాను.

పీఈటీ_శ్రీను | ఉదయం 11:20
నేను ఇక్కడ ఆంధ్రాలో స్కూల్లో పిల్లలకు ఆట నేర్పేవాణ్ణి. నాదో సందేహం. 1975 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో వాషింగ్టన్ బుల్లెట్స్ ఆటగాడు మైక్ రియోర్డాన్, వారియర్స్ ఆటగాడు రిక్ బారీని గట్టిగా ఫౌల్ చేశాడు. బారీ తిరగబడితే బయటికి పంపేస్తారు. అందుకని ఆటిల్స్ తనే కోర్టులోకి దూకి రియోర్డాన్ మీదికి వెళ్ళాడు. రిఫరీలు ఆటిల్స్‌ను బయటికి పంపారు. మిగతా మ్యాచ్ మొత్తం అసిస్టెంట్ జో రాబర్ట్స్ నడిపించాడు. 96-95తో గెలిచి టైటిల్ కొట్టారు. మరి ఆ మ్యాచ్ ఎవరిది?

బెజవాడ_కిరణ్ | ఉదయం 11:24
మాస్టారూ, నా మాట మీరే చెప్పారు. ఆ టైటిల్ ఆటిల్స్‌ది కాదని రావు గారు అంటారా?

ఫ్రీమాంట్_రావు | ఉదయం 11:41
ఒక మ్యాచ్‌లో కొంత భాగానికీ 43 మ్యాచ్‌లకూ పోలికా? పైగా ఆటిల్స్ బయటికి పోయింది తన ఆటగాణ్ణి కాపాడటానికి. ఆ సీజన్‌లో బుల్లెట్స్ 60 గెలిచారు, మనవాళ్ళు 48. ఫైనల్స్ నాలుగుకు నాలుగూ మనమే గెలిచాం.

హైదరాబాదీ_హూప్స్ | మధ్యాహ్నం 12:10
గెలుపుల కన్నా టైటిళ్ళు లెక్కపెట్టండి. జట్టు ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో కోచ్‌లు గాట్లీబ్ 1947, సెనెస్కీ 1956. తర్వాత ఆటిల్స్ 1975. కెర్ ఒక్కడికే నాలుగు: 2015, 2017, 2018, 2022. నా వరకు చర్చ అయిపోయింది.

ఫ్రీమాంట్_రావు | మధ్యాహ్నం 12:35
అయిపోలేదు. నాకిది ఎందుకు పట్టిందో చెబుతాను. 2009లో నేను పనిచేసే చోట మా టీమ్ లీడ్ అయిదు నెలలు సెలవు మీద వెళ్ళాడు. అప్పుడే పెద్ద రిలీజ్. అర్ధరాత్రి ఇండియా కాల్స్, తెల్లవారాక ఇక్కడివాళ్ళతో మీటింగ్‌లు. మా పాపకు ఆరు నెలలు, నిద్రపోతున్నప్పుడు చూడటమే తప్ప ఎత్తుకున్నది తక్కువ. రిలీజ్ సజావుగా అయింది. ఏడాది చివర అవార్డు లీడ్‌కి ఇచ్చారు. నా రివ్యూలో ఒక్క ముక్క, "సహకరించాడు" అని. ప్లాన్ ఆయనదేనట. వాల్టన్ పక్కన ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు ఆ ముక్కే కనిపిస్తుంది.

బెజవాడ_కిరణ్ | మధ్యాహ్నం 12:48
మీ ఆఫీసు గొడవ కెర్ మీద రుద్దకండి రావు గారూ. పొద్దున్నుంచీ ఆటిల్స్ పేరు చెప్పి మీ పాత కోపం తీర్చుకుంటున్నారు.

ఫ్రీమాంట్_రావు | మధ్యాహ్నం 1:05
ఆటిల్స్ పేరు వాడుకున్నానా? నువ్వు వారియర్స్‌ను చూడటం మొదలుపెట్టిందే 2015లో. నేను 1998 నుంచి బార్ట్ రైలు ఎక్కి కొలీజియం స్టేషన్‌లో దిగి, ఆ పొడుగాటి కాలినడక వంతెన మీద నడిచి మ్యాచ్‌కు వెళ్ళినవాణ్ణి. ఓడిపోయి తిరిగొస్తుంటే వంతెన మీద ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, చెప్పుల చప్పుడే వినబడేది. కోచ్‌లు వచ్చారు, పోయారు: కార్లెసిమో, మసల్‌మన్, మాంట్‌గోమరీ. అన్ని ఏళ్ళూ మాకు చెప్పుకోవడానికి ఉన్నది 1975 ఒక్కటే, ఆటిల్స్ ఒక్కడే. 1960లో ఆటగాడిగా చేరి, 1962లో జట్టులోని చాంబర్లిన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన రాత్రి ఒక్క షాట్ కూడా తప్పకుండా 17 కొట్టి, జట్టుతోపాటే ఫిలడెల్ఫియా నుంచి ఇక్కడికొచ్చి, చచ్చేదాకా ఇక్కడే ఉన్న మనిషి. ఆయన్ని ఒక అంకె కిందకు దించుతుంటే ఊరుకోమంటావా?

మోడరేటర్ | మధ్యాహ్నం 1:09
ఎవరు ఎప్పటి నుంచి చూస్తున్నారన్నది పక్కనపెట్టండి. విషయం మీదే ఉండండి.

బెజవాడ_కిరణ్ | మధ్యాహ్నం 2:22
చెప్పాలనుకోలేదు, చెబుతాను. 2022లో నాకు వెన్ను ఆపరేషన్ అయింది, ఎల్4-ఎల్5. నెలలో లేస్తావన్నారు, నాలుగు నెలలు పట్టింది. పక్కకు తిరగాలన్నా మా ఆవిడ రావాలి. లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని కాల్స్‌లో కూర్చున్నాను. నేను మూడేళ్ళు కట్టుకున్న ప్రాజెక్టు అది. తిరిగి వెళ్ళాక "నువ్వు లేనప్పుడు అయింది కదా" అని నా పేరు తీసేశారు.

కెర్ ఆ 43 మ్యాచ్‌లూ షికారు వెళ్ళలేదు. భరించలేని తలనొప్పులు. అయినా ప్రాక్టీసులకు వచ్చేవాడు, వాల్టన్‌తో మాట్లాడేవాడు. జబ్బుపడ్డ మనిషి వాటా కోసేద్దామని మీరు అంటున్నారు. నేను ఒప్పుకోను, ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోను.

సుజాత_శాన్‌హోసే | మధ్యాహ్నం 2:30
ఇప్పుడు ఎలా ఉంది కిరణ్ గారూ?

బెజవాడ_కిరణ్ | మధ్యాహ్నం 2:33
నడుస్తున్నానండీ. ఎక్కువసేపు కూర్చోలేను.

ఫ్రీమాంట్_రావు | మధ్యాహ్నం 3:15
కిరణ్, నీ సంగతి నాకు తెలియదు. 2015 నుంచే చూస్తున్నావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నేను అడిగేది కెర్ దగ్గర లాక్కోమని కాదు. వాల్టన్‌కు సున్నా ఎందుకని. ఆ నవంబరుకు వెస్ట్‌లో (లీగ్‌లోని పడమటి జట్ల సగంలో) ఉత్తమ కోచ్ అని లీగే ఆయనకు అవార్డు ఇచ్చింది. అవార్డు ఇచ్చిన చేత్తోనే గెలుపులు లేవని రాసింది. సీజన్ చివర కోచ్ ఆఫ్ ద ఇయర్ కెర్‌కి వెళ్ళింది, ఆయన బెంచ్ మీద ఉన్నది 39 మ్యాచ్‌లకు.

బెజవాడ_కిరణ్ | మధ్యాహ్నం 3:28
కెర్ దగ్గర లాక్కోమనకపోతే మొదటి పోస్టులో 519 అని ఎందుకు రాశారు?

ఫ్రీమాంట్_రావు | మధ్యాహ్నం 3:50
రాశాను. గెలుపు ఒకటే ఉంటే అది చేసినవాడికే చెందాలని ఇప్పటికీ అంటాను. ఇద్దరికీ రాయగలిగితే ఇద్దరికీ రాయమంటాను.

బెజవాడ_కిరణ్ | మధ్యాహ్నం 3:54
జట్టుకు హెడ్ కోచ్ ఒక్కడే. ఇద్దరికి రాస్తే అది రికార్డు కాదు.

పీఈటీ_శ్రీను | సాయంత్రం 6:40
నా సందేహం వెనక ఉన్నది ఇప్పుడు చెబుతాను. ఒక ఏడాది నన్ను ఎలక్షన్ డ్యూటీకి వేశారు. జిల్లా టోర్నమెంట్ సరిగ్గా ఆ వారమే. మా లెక్కల మాస్టారికి బాస్కెట్‌బాల్ అంటే బోర్డుకు వేసే బంతి అని మాత్రమే తెలుసు. పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్ళాడు, నేను రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని. గెలిచి వచ్చారు. హెడ్మాస్టర్ గది బయట బోర్డు మీద ఆ ఏడాదికి నా పేరు రాయించారు. మూడేళ్ళు రోజూ దాని ముందు నుంచే నడిచాను. నాలుగో ఏడు నా డబ్బుతో పెయింటర్‌ను పిలిచి లెక్కల మాస్టారి పేరు రాయించాను. ఆయన అప్పటికే ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయాడు.

ఫ్రీమాంట్_రావు | సాయంత్రం 6:52
మాస్టారూ, మీ పేరు తీసేసి రాయించారా?

పీఈటీ_శ్రీను | సాయంత్రం 7:01
లేదండీ. కింద రాయించాను.

బెజవాడ_కిరణ్ | సాయంత్రం 7:03
కిందే కదా మాస్టారూ. పొద్దున్నుంచీ నేను చెప్పేదీ అదే.

ఫ్రీమాంట్_రావు | సాయంత్రం 7:05
రాయించారు కదా. నేను చెప్పేది అది.