ద్రవ్య గుణకం పాఠాన్ని తరగతిలో ఇంకా చెప్పాలా?

డిగ్రీ అధ్యాపకురాలు
పన్నెండేళ్లుగా స్థూల అర్థశాస్త్రం చెబుతున్నాను. ఏటా ద్రవ్య గుణకం పాఠం దగ్గరే నాకు మనసొప్పదు. నగదు నిల్వల నిష్పత్తి, అంటే డిపాజిట్లలో బ్యాంకు కేంద్ర బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా, 10 శాతమైతే, బ్యాంకులో పడిన 1,000 రూపాయలు చేతులు మారుతూ 10,000 రూపాయల డిపాజిట్లు అవుతాయని బోర్డు మీద లెక్క కడతాం. ఆ పది రెట్లే గుణకం, 100ను ఆ శాతంతో భాగిస్తే వచ్చేది. ముందు డిపాజిట్, అందులోంచి రుణం, ఆ రుణం నుంచి మళ్లీ డిపాజిట్. ఈ వరుస వాస్తవానికి తలకిందులని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లోనే తన త్రైమాసిక పత్రికలో రాసింది. బ్యాంకు రుణం ఇచ్చినప్పుడే డిపాజిట్ పుడుతుంది. అమెరికా 2020 మార్చిలో ఆ నిష్పత్తిని సున్నా చేసింది. బోర్డు మీది సూత్రమే నిజమైతే అక్కడ గుణకం అనంతం కావాలి, కాలేదు. తప్పని తెలిసీ పిల్లలకు ఎలా చెప్పను? సిలబస్ నుంచి తీసేయాలంటాను.

పోటీ పరీక్షల శిక్షకుడు
తీసేయకూడదు మేడమ్. అమెరికా సంగతి వేరు, మన దగ్గర ఆ నిష్పత్తి, అంటే సీఆర్ఆర్, ఇప్పటికీ వాడుకలో ఉన్న సాధనం. 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు దాన్ని 4.5 నుంచి 4 శాతానికి తగ్గిస్తే 1.16 లక్షల కోట్ల రూపాయలు బ్యాంకుల చేతికి వచ్చాయి. పైగా గుణకం సీఆర్ఆర్ ఒక్కదాని మీదే ఆధారపడదు. 4 శాతానికి చిన్న సూత్రం 25 చూపిస్తుంది. ఎం3ని (జనం దగ్గరి నగదు, బ్యాంకు డిపాజిట్ల మొత్తం) రిజర్వ్ ద్రవ్యంతో (చలామణిలోని నగదు, రిజర్వ్ బ్యాంకులో బ్యాంకుల నిల్వలు) భాగిస్తే 2024 చివర్లో మన దేశంలో వచ్చింది 5, 6 మధ్య. ఆ తేడాలో పెద్ద భాగం జనం దగ్గరున్న నోట్లే. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాక ఇళ్లలోని నగదు బ్యాంకులకు చేరింది, గుణకం ఒక్కసారిగా పెరిగింది. జనం దగ్గరి నోట్లనూ లెక్కలోకి తీసుకునే పూర్తి సూత్రం చెప్పిన దిశలోనే కదా!

విశ్రాంత బ్యాంకు మేనేజరు
ఆ రోజుల్లో నేను శాఖలోనే ఉన్నాను. డిపాజిట్లు వరదలా వచ్చాయి. సెప్టెంబరు 16 నుంచి నవంబరు 11 వరకు పెరిగిన డిపాజిట్ల మీద 100 శాతం సీఆర్ఆర్ ఉంచమని రిజర్వ్ బ్యాంకు నవంబరు 26న ఆదేశించింది, రెండు వారాలకు ఎత్తేసింది. ఆ తర్వాతైనా మేం అప్పులు పంచామా? ఆ ఆర్థిక సంవత్సరంలో రుణాల వృద్ధి దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయింది. డబ్బుకు కొరత లేదు. కొత్తగా అడిగేవాళ్లు తగ్గారు, మొండి బాకీలు మెడకు చుట్టుకున్నాయి. గుణకం పెరిగింది, రుణం పెరగలేదు. మరి ఆ సూత్రం దేన్ని వివరించినట్టు?

రుణం మంజూరు చేసే ముందు ఆ రోజు శాఖలో డిపాజిట్లు ఎంత ఉన్నాయని నేనెన్నడూ చూడలేదు. రైతు పాసుపుస్తకం, వేసిన పంట, పాత బాకీ చూశాను. రుణ ఖాతాకు ఖర్చు రాసి, ఆయన పొదుపు ఖాతాకు జమ చేస్తాం. ఆ జమే కొత్త డిపాజిట్. సీఆర్ఆర్ అయితే అప్పటికే గడిచిపోయిన పక్షం నాటి డిపాజిట్ల మీద లెక్కిస్తారు. అంటే నిల్వల కోసం వెతుకులాట రుణం ఇచ్చాకే.

ఎం.ఏ. విద్యార్థి
సార్, జమ రాయగానే డిపాజిట్ పుడితే, శాఖలకు డిపాజిట్ల లక్ష్యాలు ఎందుకు? ఏటా మార్చిలో మేనేజరుగారు మా నాన్నగారి దగ్గరకు వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమని అడుగుతారు.

ఇంకొక మాట. నేను తెలుగు మాధ్యమం నుంచి వచ్చాను. ద్రవ్య విధానం రిజర్వ్ బ్యాంకుది, కానీ పత్రికల్లో ద్రవ్యలోటు ప్రభుత్వానిది. దాన్నే పుస్తకంలో కోశలోటు అంటారు. గుణకం కన్నా ముందు ఈ చిక్కు ఎవరైనా విప్పితే మాలాంటివాళ్లకు ఒక సెమిస్టరు కలిసొస్తుంది.

విశ్రాంత బ్యాంకు మేనేజరు
బాబూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. రైతు ఆ డబ్బుతో ఎరువులు కొంటాడు. దుకాణదారుడి ఖాతా వేరే బ్యాంకులో ఉంటే డిపాజిట్ అటు పోతుంది, దానితోపాటు రిజర్వ్ బ్యాంకులో ఉన్న మా నిల్వలూ పోతాయి. బ్యాంకులన్నింటినీ కలిపి చూస్తే డిపాజిట్ ఎక్కడికీ పోలేదు. లోటు మా ఒక్కరికే. దాన్ని పూడ్చాలంటే డిపాజిట్లు తేవాలి, లేదా రెపో రేటుకు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి) అటూఇటూగా వడ్డీ కట్టి అప్పు తెచ్చుకోవాలి. మీ నాన్నగారి దగ్గరకు రావడం అందుకే. రుణాలకు హద్దు పెట్టేవి ఆ వడ్డీ ఖర్చు, బ్యాంకు మూలధనం, అప్పు తీర్చగలిగిన మనిషి.

పోటీ పరీక్షల శిక్షకుడు
ఇంత విడమరచి ఎవరూ చెప్పలేదు సార్, కృతజ్ఞతలు. కానీ సీఆర్ఆర్ 5 శాతమైతే గుణకమెంత అని ప్రశ్న వస్తే నా విద్యార్థి 20 అనే గుర్తించాలి. కొందరికి ఆ ఒక్క మార్కే ఉద్యోగం. ముందు ప్రశ్నపత్రం నుంచి తీయండి, ఆ తర్వాత సిలబస్ సంగతి.

డిగ్రీ అధ్యాపకురాలు
మార్కు మాట కాదనలేను. తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్పడానికి మాత్రం ఒప్పుకోను. గుణకం జరిగిపోయినదాన్ని కొలిచే నిష్పత్తి, జరిపించే కారణం కాదు. వచ్చే సెమిస్టరులో మొదటి రోజు రైతు రుణాన్ని రెండు బ్యాంకుల పద్దుల్లో పిల్లల చేతనే రాయిస్తాను. సూత్రం ఆ తర్వాతే, దాని వెంటనే 2016–17 అంకెలు.

పోటీ పరీక్షల శిక్షకుడు
వరుస మార్చండి, మంచిదే. కారణం కాదన్న మాట దగ్గరే నా అభ్యంతరం. 1.16 లక్షల కోట్లు ఊరికే విడుదల చేశారా?

విశ్రాంత బ్యాంకు మేనేజరు
ఊరికే కాదు. నిల్వలు పెరిగితే బ్యాంకుల మధ్య ఒక రాత్రికి తీసుకునే అప్పు చవకవుతుంది. సీఆర్ఆర్ కోత పనిచేసేది ఆ వడ్డీ దారిలో. ఆ దారి మీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూసి చెప్పండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.