గూడెంలో ఫీల్డ్‌వర్క్: "మీరు రాసుకుపోతే మాకేం వస్తుంది?" అంటే ఏం చెప్పాలి?

మన్యం_దారి:

అందరికీ నమస్తే. నేను ఆంత్రోపాలజీ ఎంఏ రెండో సంవత్సరం. డిసర్టేషన్ కోసం పాడేరు ఏజెన్సీలో ఒక కోదు (ఖోండ్) గిరిజనుల గూడెం ఎంచుకున్నాం. పోడు వ్యవసాయం, సంతలో అమ్మకాలు, అప్పులు, ఇదీ టాపిక్. మా సార్ పెద్ద షెడ్యూల్ (ప్రశ్నల పట్టిక) ఒకటి ఇచ్చారు, ఇంటింటికీ తిరిగి నింపాలి. కుటుంబంలో ఎంతమంది, వయసులు, ఏడాది ఆదాయం, పెళ్లి ఎలా జరిగింది, జబ్బు చేస్తే ఏ మందు వాడతారు, అన్నీ ఉన్నాయి అందులో.

ముందు ఒకసారి ఊరు చూసి రమ్మంటే వెళ్లాను. ఒక పెద్దావిడ వాకిట్లో కూర్చుని అడ్డాకులు కట్టలు కడుతోంది. నేను కాగితాలు బయటికి తియ్యగానే చేతిలో పని ఆపకుండానే అడిగింది, "ఇంతకు ముందూ వచ్చారమ్మా, రాసుకున్నారు, వెళ్లిపోయారు. మీరు రాసుకుపోతే మాకేం వస్తుంది?" అని. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "ప్రభుత్వానికి తెలుస్తుంది, మంచి జరుగుతుంది అని చెప్పెయ్" అంది మా క్లాస్‌మేట్. జరుగుతుందో లేదో నాకే తెలియని మాట చెప్పి వాళ్లింట్లో కూర్చుని వాళ్ల అప్పుల లెక్క అడగడం నాకు ఇష్టం లేదు. ఈ పని చేసినవాళ్లు, ముఖ్యంగా ఏజెన్సీ వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ షెడ్యూల్‌తో ఏం చెయ్యాలో కూడా.

సంత_రోజు:

చెల్లీ, పెద్ద ప్రశ్నకి మిగతావాళ్లు చెప్తారు, నేను షెడ్యూల్ సంగతి చెప్తాను. మొదట్లో దాన్ని బ్యాగులోంచి తియ్యొద్దు. ఏడాది ఆదాయం ఎంత అని అడిగితే పోడు చేసేవాళ్లు ఎవరూ చెప్పలేరు, చెప్పారంటే అది నీ కోసం చెప్పిన అంకె. అలా కాకుండా పంట పంటకీ అడుగు. పసుపు ఎంత పండింది, ఏ సంతకి మోసుకెళ్లారు, రాజ్‌మా విత్తనం ఎవరిచ్చారు, పిప్పళ్లు ఆరకముందే షావుకారు డబ్బిచ్చేశాడా, కాఫీ జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) వేశారా బయట వర్తకుడికి వేశారా. అన్నిటికన్నా ముఖ్యం, సంత రోజున తూకం దగ్గర నిలబడి చూడు. చింతపండు తెచ్చినావిడ చేతికి ఎంత వచ్చింది, అందులో పాత బాకీ కింద అక్కడికక్కడే ఎంత తిరిగి వెళ్లిపోయింది, మిగిలిన దాంతో ఉప్పు, ఎండుచేప, నూనె కొని ఏమైనా పట్టుకెళ్లిందా, అది చూస్తే నీ టాపిక్ సగం అక్కడే ఉంటుంది.

వయసులు కూడా అంతే. చాలామందికి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, అది రాసుకుంటే నీ పట్టిక మొత్తం తప్పే. ఊళ్లో బడి కట్టినప్పుడు నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా అని అడిగితే దగ్గరగా వస్తుంది. ఎవరికెవరు ఏమవుతారో వంశవృక్షాలు గియ్యడంతో మొదలుపెట్టు. రివర్స్ అనే బ్రిటిష్ ఆంత్రోపాలజిస్టు 1901-02లో నీలగిరి తోడా గిరిజనుల దగ్గర వాడిన పద్ధతే, ఇప్పటికీ అంతకన్నా మంచిది నాకు కనబడలేదు. ఎందుకంటే చుట్టరికం మాట్లాడటం అందరికీ ఇష్టం, భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అందులోనే బయటపడుతుంది.

ఇంకొకటి, నీకు కోదుల భాష కువి రాకపోతే మాట తర్జుమా చేసి చెప్పేవాళ్లు ఎవరన్నది చాలా పెద్ద విషయం. షావుకారు ఇంటి కుర్రాణ్ని వెంటబెట్టుకుని అప్పుల గురించి అడిగితే ఎవరు చెప్తారు? ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆ గూడెం అమ్మాయే కావాలి. పేరున్న ఆంత్రోపాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ అంతటివాడే మైసూరు రాంపురలో ఊరి పెద్ద ఇంటి తరఫున ఉండటం వల్ల ఊరిని పై కులాల వైపు నుంచే ఎక్కువ చూశానని రాసుకున్నాడు. నోట్స్‌కి కాపీలు కూడా ఉంచుకో, ఆయన నోట్స్ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు మంటల్లో కాలిపోయాయి.

గోదారి_గట్టు:

నేను కోయవాణ్ని, చింతూరు వైపు, టీచర్ని. ఆ పెద్దావిడ అడిగింది న్యాయమైన మాట. మా దగ్గర కాగితాలు పట్టుకుని మనిషి వచ్చాడంటే ముందు భయం పుడుతుంది, ఎందుకంటే పోలవరం ముంపు ఊళ్లలో ఇంటింటి సర్వేలు ఎన్ని జరిగాయో మాకు తెలుసు. చెట్లు లెక్కపెట్టారు, గోడలు కొలిచారు, ఆ తర్వాత ఊరు ఖాళీ చెయ్యమన్నారు. పొలం గురించి అడిగేవాడు పరిశోధన విద్యార్థా, ప్రాజెక్టు మనిషా అన్నది మా పెద్దవాళ్లకి ఎలా తెలియాలి?

అనుమతి సంగతీ చెప్తాను. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా) పరిశీలన పేరుతో ఇచ్చారు. చాలా హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారని విచారణలో తేలింది. 2010లో అది ఆపేశారు, తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది. మీది వైద్య పరిశోధన కాదని మీకు తెలుసు, గూడేనికి తెలియదు. అందుకని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి లెటర్ తెచ్చుకున్నాను కదా, సర్పంచ్ సరేనన్నాడు కదా అని సరిపెట్టుకోకండి. పెద్దల్ని, ఆడవాళ్లని కూర్చోబెట్టి మీరు ఎవరు, ఏం రాస్తారు, ఎక్కడ పెడతారు, దీనివల్ల పథకం గానీ ఇల్లు గానీ రాదు అని అందరి ముందూ చెప్పండి. మధ్యలో ఎవరైనా వద్దంటే అక్కడితో ఆపండి.

ఫొటోలు మరీ బాధ. మా ఊరి పండగ ఫొటోలు ఎవరెవరి థీసిస్‌లలోనో ఉన్నాయి, చనిపోయిన మా పెదనాన్న ఫొటో కూడా ఉందట, మా ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు. ఒక్క ప్రింట్ తెచ్చి ఇచ్చి ఉంటే గోడకి పెట్టుకునేవాళ్లం.

పాత_కాగితాలు:

@మన్యం_దారి, "ఏమీ రాదు" అనే మాట కూడా పూర్తి నిజం కాదండి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, దాని నియమాలు 2008లో. 13వ నియమంలో హక్కు రుజువు చెయ్యడానికి ఏవేవి సాక్ష్యాలుగా పనికొస్తాయో ఉంది. పెద్దలు చెప్పింది రాసిన వాంగ్మూలం పనికొస్తుంది. ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి పేరున్న సంస్థలు ఆచారాల మీద చేసిన అధ్యయనాలూ పనికొస్తాయి. మీ డిసర్టేషన్‌కి అంతటి బరువు ఉండకపోవచ్చు. కానీ ఏ వాలు మీద ఎవరి తాత పోడు కొట్టాడు, ఏ చెట్టు కింద దేవత, శ్మశానం ఎక్కడ, అడ్డాకుకి ఏ కొండ వరకు వెళ్తారు, ఇవి పెద్దల నోటి నుంచి వాళ్లతోపాటే నడిచి మ్యాపు మీద పెట్టి, ఆ మ్యాపు గ్రామసభ దగ్గర వదిలి వస్తే సామూహిక హక్కుల క్లెయిమ్ వేసే రోజున అది చేతిలో ఉంటుంది. పాత వాళ్లు పోయాక ఆ హద్దులు చెప్పేవాళ్లు ఉండరు.

జనం గురించి బయటివాళ్లు రాసింది తిరిగి ఆ జనం మీదికే వస్తుందన్నది కొత్త సంగతి కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కులాలకి కులాల్నే పుట్టు నేరస్తులని రాసేశారు. ఎరుకల వాళ్లని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టారు. 1952లో చట్టం రద్దయింది గానీ ముద్ర పోలేదు. మరోవైపు ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంని కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన్ని వాడుకుంది. ఆస్ట్రియా మనిషి కావడంతో రెండో ప్రపంచ యుద్ధం మొదటి రోజుల్లో హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లే వీలు లేదు. మార్లవాయిలో కాపురం పెట్టాడు, రిజర్వు అడవి పేరుతో, పట్టాల పేరుతో గోండుల భూములు ఎలా పోయాయో రాశాడు, పట్టాలు ఇప్పించడంలో, గోండీలో బడులు పెట్టించడంలో ఆయన చెయ్యి ఉంది. దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, గోండులు ఇప్పటికీ ఏటా జనవరిలో వాళ్లని తలుచుకుంటారు.

గోదారి_గట్టు:

@పాత_కాగితాలు, హైమన్‌డార్ఫ్ అంటే నాకూ గౌరవమే. కానీ కాల్చిన ప్రభుత్వానికే ఆయన నివేదిక ఇచ్చాడు, అధికారం ఉంది కాబట్టి మాట చెల్లింది. ఆయనే 1970ల చివర్లో తిరిగొచ్చి చూస్తే ఇప్పించిన భూములు చాలావరకు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి, ఆ సంగతి 1982లో పుస్తకంగా కూడా వేశాడు. ఒక మంచి మనిషి వచ్చి రాస్తే సరిపోదు. మా పిల్లలే యూనివర్సిటీలకి వెళ్లి మా గురించి రాయాలి. అంతవరకు వచ్చేవాళ్లు కనీసం మా బడి పిల్లల్ని పక్కన పెట్టుకుని ఆ వంశవృక్షాలు గీయించండి, వాళ్లకీ నేర్చుకున్నట్టు ఉంటుంది.

చెరువు_కట్ట:

నేను మైదానం ఊళ్లో పని చేశాను, గిరిజన ప్రాంతం కాదు, అయినా సమస్య ఒకటే. @పాత_కాగితాలు గారి మాటలో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. క్లెయిమ్‌కి పనికొస్తుందని రాయడం మొదలుపెడితే పనికిరానిది వదిలేస్తాం. పక్క గూడెంతో హద్దు తగాదా ఉంటుంది, ఆడపిల్లకి భూమి ఇవ్వకపోవడం ఉంటుంది, అవీ రాయాలి. కుల ధ్రువీకరణ తగాదాలు చూడండి. 1994లో మాధురి పాటిల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, కుల ధ్రువపత్రాలు పరిశీలించే స్క్రూటినీ కమిటీలు నీ కులదేవత ఎవరు, పెళ్లిలో ఏం చేస్తారు అని అడిగి పాత పుస్తకాలతో సరిపోల్చడం మొదలైంది. ఎప్పుడో దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ 1909లో అచ్చేసిన పుస్తకంలోని ఆచారం ఈనాటి కుర్రాడికి తెలియకపోతే వాడు గిరిజనుడు కాకుండా పోతాడా? ఆ పోలిక ఒక్కటే గీటురాయి కాదని సుప్రీంకోర్టు 2023లో చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఆచారం రాసేటప్పుడు "కోదులు ఇలా చేస్తారు" అని రాయకండి. ఈ గూడెంలో, ఈ ఏడు, ఈ ఇంట్లో ఇలా జరిగింది అని రాయండి, మారినదాన్ని మారిందనే రాయండి.

అప్పుల దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. ఊరి పేరు మార్చినంత మాత్రాన దాగదు. ఆంత్రోపాలజిస్టు ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద 1955లో పుస్తకం వేసిన రోజులు వేరు, ఇప్పుడు మీ పీడీఎఫ్ షావుకారు ఫోన్లోకి కూడా వస్తుంది. ఫలానా ముగ్గురు కొడుకుల ముసలాయన ఇంత బాకీ అని ఉంటే చాలు, ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది, మళ్లీ పంటకి అప్పు పుట్టదు.

మన్యం_దారి:

అందరికీ చాలా థ్యాంక్స్. సార్‌తో మాట్లాడాను. షెడ్యూల్ చివర్లో నింపడానికి, ముందు సంతలూ వంశవృక్షాలతో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. మ్యాపు గూడెం వాళ్లు కావాలంటేనే చేస్తాను, వాళ్ల దగ్గరే ఉంచుతాను. అప్పుల్ని ఇంటి పేరున కాకుండా మొత్తంగా చూపిస్తాను. పెద్దావిడకి ఇల్లూ పథకం రావని ముందే చెప్తాను. ఒక్కటి మిగిలింది, నాటు మందుల పేజీ. ఏ ఆకు, ఏ వేరు, ఏ రోగానికి అని వరసగా ఉంది, అది నింపొచ్చా?

పాత_కాగితాలు:

అది ఆలోచించే చెయ్యండి. కేరళలో అగస్త్య కొండల కాణి గిరిజనులు 1987లో తమతో వచ్చిన శాస్త్రవేత్తలకి ఒక మొక్క కాయలు తింటే అలసట ఉండదని చూపించారు. దాన్నుంచి "జీవని" అనే మందు వచ్చింది. లైసెన్స్ ఫీజులో, రాయల్టీలో సగం కాణి వాళ్లకని ఆ శాస్త్రవేత్తల సంస్థ ఒప్పుకుంది, దాని కోసం 1997లో ట్రస్టు కూడా పెట్టారు. అయినా మమ్మల్ని అడగలేదని కాణుల్లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. అంత పేరున్న ఉదాహరణలోనే అలా జరిగింది, ఊరికే అచ్చైపోయిన మొక్క పేరుకి ఆ మాత్రమూ రాదు. జబ్బు చేస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు, పీహెచ్‌సీకి ఎప్పుడు వెళ్తారు, ఎంత ఖర్చయింది, దానికి అప్పు చేశారా, మీ టాపిక్‌కి కావాల్సింది అంతే. మొక్కల పేర్లు అక్కర్లేదు. వైద్యం తెలిసినాయన రాయొద్దంటే ఆ పేజీ ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీగా ఉందో కింద రాసి సార్‌కి ఇవ్వండి.