అభిప్రాయం రాసినందుకు తిట్లు పడితే పోస్టు తీసేయాలా, ఉంచాలా?

హన్మకొండ టీచర్:
సద్దుల బతుకమ్మకు ముందు రోజు మా కాలనీ ఫేస్‌బుక్ గ్రూపులో ఇలా రాశాను: "ఈసారి ఒక గంటైనా డీజే ఆపి, చప్పట్లు కొడుతూ మనమే పాడుకుందాం. మా అత్తమ్మకు పాటలన్నీ నోటికి వస్తాయి, పిల్లలు కూడా నేర్చుకుంటారు." అంతే. డీజే వద్దనలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు.

సాయంత్రానికి కామెంట్లు నిండిపోయాయి. "నీది ఏ ఊరు? మా పండుగ గురించి చెప్పడానికి నువ్వెవరు?" అన్నదే ఎక్కువ. నేను పుట్టింది నర్సంపేట దగ్గరే. తంగేడు పువ్వు కోసం తెల్లారకముందే చెల్కల వెంట తిరిగిన దాన్ని. ఆ మాటే రాయబోయి ఆగిపోయాను. నేను ఎక్కడి నుంచో వచ్చి ఉంటే మాత్రం ఈ మాట అనకూడదా? పుట్టిన ఊరు చూపించి మాట్లాడే హక్కు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

తర్వాత ఒకతను మా పాప స్కూల్ పేరు రాసి, "ఎన్నింటికి వదులుతారో తెలుసు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర లేదు. మా ఆయన పోస్టు తీసేయమంటున్నారు. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా?

కాజీపేట వాసి:
తీసేయండి అక్కా. మీ మాట తప్పని కాదు. బతుకమ్మ అంటే ఇక్కడ పూల పండుగ ఒక్కటే కాదు. తెలంగాణ ఉద్యమంలో మా అమ్మావాళ్లు రోడ్ల మీద బతుకమ్మలు పెట్టి ఆడారు. 2014లో రాష్ట్ర పండుగ అయింది. అంతకు ముందు దాన్ని పట్టించుకున్న వాళ్లే తక్కువ. అందుకే "ఇట్లా చేస్తే బాగుంటది" అన్నా కొందరికి "మీకు చేయరాదు" అన్నట్టు వినిపిస్తుంది. ఇంకోటి, డీజే పిల్లలకు వినాయక చవితి, బతుకమ్మ, పెళ్లిళ్లే సీజన్. పండుగ ముందు రోజు ఆ మాట పడితే వాళ్లకు టెన్షన్ రాదా?

హన్మకొండ టీచర్:
డీజే పిల్లల సంగతి నేను ఆలోచించలేదు, నిజమే. కానీ నన్ను తిట్టిన వాళ్లలో ఆ పిల్లలు ఒక్కరూ లేరు తమ్ముడూ.

పరకాల పెద్దమ్మ:
నా మాట కూడా వినండ్రి బిడ్డా. మా ఆడపడుచు వేములవాడల ఉంటది. అక్కడ సద్దులు ఏడో రోజే, మాకు తొమ్మిదో రోజు. నేను రెండు చోట్లా ఆడిన. ఒక ఊరి పద్ధతి ఇంకో ఊర్ల ఉండదు, అయినా ఎవరూ కొట్లాడలే. పాట సంగతి మాత్రం టీచరమ్మ అన్నది నిజం. ఒకరు అందుకుంటే అందరూ వంత పాడేది. డీజే పెట్టినంక ఆ అందుకునే మనిషితోని పనే లేకుండా పోయింది. నాకు తెలిసిన పాటలు నా కోడలికి రావు.

వరంగల్ వకీలు:
రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీద్దాం. 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో, శివసేన నేత బాల్ ఠాక్రే చనిపోయాక ముంబై బంద్ ఎందుకని ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ తర్వాత, ఆన్‌లైన్‌లో ఎదుటివాళ్లను నొప్పించే మాట రాస్తే శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ మీద కేసు నడిచి, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ఒకరికి నచ్చని మాట అన్నంత మాత్రాన అది నేరం కాదు.

అయితే ఆ తీర్పు మనల్ని ప్రభుత్వం నుంచి కాపాడుతుంది, పక్కింటి వాళ్ల కోపం నుంచి కాదు. "నువ్వెవరు" అన్నది మొరటుతనం, దానికి కేసు ఉండదు. పాప స్కూల్ గురించి రాసింది వేరు. దాన్ని బెదిరింపుగా చూడాలి, భారతీయ న్యాయ సంహిత 351 సెక్షన్ ఉన్నది అందుకే. పోస్టు ఉంచాలా తీయాలా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ కామెంట్‌ను పేరు, తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోస్టు తీసేస్తే దాని కింది కామెంటూ పోతుంది.

కాజీపేట వాసి:
స్కూల్ సంగతి నేను సరిగా చదవలేదు. అలాంటప్పుడు తీయొద్దు. కాకపోతే కామెంట్లు ఆపేయండి.

హన్మకొండ టీచర్:
స్క్రీన్‌షాట్ తీశాను. కామెంట్లు ఆపేశాను. పోస్టు ఉంచుతున్నా. ఆ రాసినతను మా వీధి చివర ఇంట్లోనే ఉంటాడట, వాళ్లమ్మ నాకు బాగా తెలుసు. పోయినేడు పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలో ఇద్దరం కలిసే బతుకమ్మలు వేశాం. ఆదివారం వెళ్లి ఆమెకే చూపిస్తాను.

వరంగల్ వకీలు:
వెళ్లండి, ఒంటరిగా మాత్రం కాదు. అంతకన్నా ముందు ఠాణాలోనో, ఆడవాళ్ల రక్షణ చూసే పోలీసుల షీ టీమ్‌కో ఒక ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. స్కూల్లో కూడా చెప్పి ఉంచండి, మీరు తప్ప ఎవరొచ్చినా పాపను పంపొద్దని.